తెబాన్ ముంచిన పడవలు

“ముంచేశావా? అన్నీ ముంచేశావా? ఒక్కటన్నా మిగల్చలేదా?”

“ఒక్కటి మిగిల్చి ఏం చేసుకుంటావే? నెత్తిన పెట్టుకు తిరుగుతావా?”

“టౌనుకి వెళ్ళిపొమ్మని రేడియోలో మొత్తుకుంటున్నారు మానో. దీవి మొత్తం ఖాళీ చెయ్యాలంట. ఎట్లా వెళ్ళమంటావు మమ్మల్ని? ఈదుకుంటూ వెళ్ళాలా? మా ఆయన్ని నీ వీపు మీద ఎక్కించుకుంటావా?”

“మీ ఆయన ఎక్కితే పడవే మునుగుతుంది, ఇంక నేనెంత!”

ఇంకెప్పుడైనా అయితే ఈ మాటకి ఊరంతా నవ్వేది. ఆరోజు ఎవరూ నవ్వలేదు. నేను అప్పుడే కొండ దిగి వస్తున్నాను. మా మకుయాన్ దీవిలో ఫోనుకి సిగ్నల్ అందేది కొండ మీద తెల్ల సిలువ దగ్గర ఒక్కచోటే. తుఫాను ఎటు తిరిగిందో చూసి చెబుదామని పరుగెత్తుకొస్తే, మడ పాయ దగ్గర ఈ గొడవ. అన్నాచెల్లెళ్ళు పోట్లాడుకుంటున్నారు. తెబాన్ నడుం లోతు బురదనీళ్ళలో నిలబడి ఉన్నాడు, చేతుల్లో ఇంకా ఒక రాయి ఉంది. చెల్లెలు లుదింగ్ చంకలో బట్టల మూటతో గట్టు మీద ఉంది. ఆమె వెనక ఆమె మొగుడు పోన్సో. తన లావు గురించి వాళ్ళిద్దరూ మాటలు విసురుకుంటుంటే పాపం ఆకాశం కేసి చూస్తున్నాడు.

తెబాన్‌ని ఊళ్ళో అందరూ మానో అంటారు. మానో అంటే అన్న. ఆయనకన్నా పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. పడవకి చిల్లుపడిన రోజున ఎవరి వయసూ ఎవరికీ గుర్తుండదు మరి. ఆయన పడవలు చెక్కే వడ్రంగి. సమర్ అనే పెద్ద దీవి తూర్పు తీరాన ఉన్న మా చిన్న దీవుల్లో ఏ పడవ ఆయన చేతిదో దూరం నుంచే చెప్పొచ్చు. ముక్కు కాస్త పైకి లేచి, ఎవరితోనో పోట్లాటకి బయల్దేరినట్టు ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే పడవలకి అసూయ ఎక్కువంటాడు. సాయంత్రం ఎర్రటి కొబ్బరి కల్లు ఒక గ్లాసు తాగుతాడు. రెండోది పోస్తే వద్దని చెప్పి తాగుతాడు.

నన్ను మాత్రం “సగం కెప్టెన్” అంటాడు. ఓడల కాలేజీలో చేరి రెండో ఏడు మధ్యలో మానేసి వచ్చాను. ఎందుకో అడక్కండి. క్లాసులో కూర్చుంటే నా కాళ్ళు వాటంతట అవే ఊగేవి. ఇంటికొచ్చి ఏం చెయ్యాలో తెలీక ఆయన షెడ్డులో చెక్కపొట్టు ఊడుస్తూ, ఆయన మాటలు వింటూ ఉండిపోయాను.

పడవల సంగతి చెబుతాను. తుఫాను వస్తుందంటే మిగతా దీవుల వాళ్ళు పడవల్ని ఒడ్డుకి లాగి కొబ్బరిచెట్లకి కడతారు. చెట్టు పడితే పడవా పోతుంది. మా ఊరి పద్ధతి వేరు. పడవల్ని మడ పాయలోకి తోసుకెళ్ళి, ఒరగకుండా పక్కనుండే వెదురు రెక్కలు విప్పేసి, ఇంజను దించేసి, కడుపు నిండా రాళ్ళు నింపి ముంచేస్తాం. నీళ్ళ అడుగున ఉన్నదాన్ని గాలి ఏం పీకుతుంది? ప్రతి ఇంటి పక్కనా ఆ ఇంటి పడవ రాళ్ళు గుట్టగా పేర్చి ఉంటాయి. వాటి మీద కూర్చోకూడదు, బట్టలు ఆరెయ్యకూడదు, ఒక్కటి తీసి పొయ్యి కింద పెట్టినా ఊరు ఊరుకోదు. కొత్త కోడలు వస్తే అత్త ముందు చూపించేది ఆ గుట్టనే.

ఎప్పుడు ముంచాలో చెప్పేది ఒక్క తెబానే. ఆయన షెడ్డులో ఒక పాత పడవ చెక్క ఉంది. దాని మీద ఉలితో మా తీరమంతా గీసుకున్నాడు. తుఫాను ఎక్కడుందో రేడియోలో చెప్పినప్పుడల్లా ఆ చోట ఒక రాగి మేకు కొడతాడు. తుఫాను దాటిపోయాక మేకులు పీకేస్తాడు, కన్నాలు మిగులుతాయి. ఆ చెక్క ఇప్పుడు జల్లెడలా ఉంటుంది.

“ఫోనులో బొమ్మే కదులుతూ కనిపిస్తుంటే ఇంకా ఈ మేకులెందుకు మానో?” అని ఏడిపించేవాణ్ణి.

“నీ ఫోనులో తుఫాను రంగులరాట్నంలా ఉంటుంది నోనోయ్. చూస్తూ కూర్చోబుద్ధేస్తుంది. మేకు కొడితే చెయ్యి జివ్వుమంటుంది. చెయ్యి నొప్పెడితే గానీ నాకు భయం పుట్టదు.”

నోనోయ్ అంటే చిన్నవాణ్ణి ముద్దుగా పిలిచే పిలుపు. ఆయన తిట్టబోయే ముందు కూడా అలాగే పిలుస్తాడు.

ఈ తుఫాను మాకు దూరంగా, ఉత్తరం వైపు నుంచి పోతుందని మొదట అన్నారు. తర్వాత చెక్క మీద మేకుకీ మేకుకీ మధ్య ఎడం పెరగడం మొదలైంది. అంటే అది పరుగెడుతోంది. మేకుల వరస కూడా కిందికి, మా వైపుకి వంగింది. ఆ పొద్దున తెబాన్ చెక్క చూశాడు. బయటికొచ్చి శంఖం ఊదాడు. ఊరంతా రాళ్ళు మోసింది. ఆటు తిరిగిపోయేలోగా పడవలన్నీ పాయ అడుగుకి చేరాయి. దీవి ఖాళీ చెయ్యమన్న ఆజ్ఞ మధ్యాహ్నం వచ్చింది. మళ్ళీ తీద్దామంటే పోటు ఎక్కేసింది. రాళ్ళు తియ్యాలంటే ఇంకో ఆటు రావాలి, అది వచ్చేది రాత్రికి, తీసి బయల్దేరేలోపు గాలి వచ్చేస్తుంది. తెబాన్ లెక్క తప్పు అనలేను. ఆజ్ఞ ఇచ్చినవాళ్ళదీ తప్పు అనలేను. ఆ రెంటి మధ్యా ఇరుక్కున్నది మేము.

ఆయనకి అంత తొందర ఎందుకో లుదింగ్‌కి బాగా తెలుసు. నా చిన్నప్పుడొచ్చిన ఒక తుఫానుకి, ముంచుదామా వద్దా అని ఊరు వాదులాడుకుంటూ కూర్చుంది. ఇంకా వేటకి వెళ్ళొచ్చులే అని కొందరు, రాళ్ళు మొయ్యలేమని కొందరు. వాదన తెగేలోపు పడవలన్నీ పుల్లలైపోయాయి. పడవ లేని దీవికి చేపా లేదు, బియ్యమూ రాదు. జనం కొండెక్కి అడవి దుంపలు తవ్వుకున్నారు. అవి విషపు దుంపలు. పలచగా తరిగి, ఉప్పునీళ్ళలో నానేసి, కడిగి, మళ్ళీ నానేసి, రోజుల తరబడి అలా చేస్తే గానీ నోట్లో పెట్టకూడదు. ఆకలి అన్ని రోజులు ఆగదు. వాళ్ళమ్మ ఆగలేదు. ఆమె తల లుదింగ్ ఒళ్ళో ఉండగా ప్రాణం పోయింది.

“అమ్మని తుఫాను చంపలేదు, పడవ లేకపోవడం చంపింది,” అంటాడు తెబాన్.

“అమ్మ పేరు ఎత్తకు,” అంది లుదింగ్ ఆరోజు గట్టు మీద, ఆయన ఎత్తకముందే. “అమ్మ పోయింది. బతికున్నోళ్ళ సంగతి చూడు.”

“అదే చూస్తున్నా. గుహకి పదండి.”

కొండలో ఒక గుహ ఉంది. యుద్ధం రోజుల్లో మా ముత్తాతలు దాక్కున్నది. ఊరంతా అందులోకి దూరింది, పందులతో, కోళ్ళతో, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన ఇంజన్లతో, తెబాన్ మేకుల చెక్కతో. ఆడవాళ్ళు జపమాల తిప్పుతున్నారు. తెల్లారేసరికి తుఫాను అందుకుంది. గాలి ఎట్లా అరిచిందో నేను రాయను, అది అందరూ రాస్తారు. గాలి ఆగినప్పుడు ఏమైందో అది చెబుతాను.

తుఫాను కన్ను సరిగ్గా మా నెత్తి మీదికి వచ్చింది. ఉన్నట్టుండి ఎండ కాసింది. ఎక్కడో ఒక పిట్ట కూడా కూసింది. పోన్సో లేచి నిలబడ్డాడు.

“ఎక్కడికి?” అంది లుదింగ్.

“పడవ చూసొస్తా. తాడు వదులుగా కట్టానేమోనని మనసు పీకుతోంది.”

“కూర్చో పోన్సో,” అన్నాడు తెబాన్. “ఇది సగమే. మిగతా సగం ఎదుటి దిక్కు నుంచి వస్తుంది.”

“ఇట్టా వెళ్ళి అట్టా వచ్చేస్తా మానో. నా పడవ గురించి నీకేం తెలుసు?”

“నేనే చెక్కానురా దాన్ని!”

పోన్సో నవ్వుకుంటూ దిగిపోయాడు. పాత తుఫానులో పడవ పోగొట్టుకున్నవాడు, ఉన్నదాన్ని కళ్ళతో చూసుకోకుండా ఉండలేకపోయాడు. రెండో గాలి అతను వెనక్కి వచ్చేదాకా ఆగలేదు. అంతా అయ్యాక వెతుక్కుంటూ వెళ్తే దారి మలుపులో దొరికాడు. ఎవరి ఇంటి రేకో మోకాలి కింద ఎముక దాకా కోసేసింది. లుదింగ్ తన పావడా చింపి కట్టు కట్టింది. కట్టేటప్పుడు ఏడవలేదు. తెబాన్ కేసి చూడనూ లేదు.

కిందికి వస్తే ఊరు లేదు. కొబ్బరిచెట్లన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపు పడుకుని ఉన్నాయి. పోన్సోని టౌను ఆసుపత్రికి చేర్చాలి. పడవలు మాత్రం భద్రంగా ఉన్నాయి, వచ్చిన చిక్కంతా అదే. ఉప్పెన వెనక్కి పోతూ పాయ నిండా ఒండ్రు పోసింది. మడచెట్లు వేళ్ళతో సహా లేచొచ్చి పాయ నోటికి అడ్డంపడ్డాయి. మగవాళ్ళు గొడ్డళ్ళతో చెట్ల మీద పడ్డారు. తెబాన్ అడుగుకి మునిగి, బురదలోంచి రాయి తర్వాత రాయి పీకి పైకి అందిస్తుంటే నేను గట్టుకి విసిరాను. ఆయన గోళ్ళు ఊడిపోయాయి. మొదటి రోజు ఒక్క పడవా లేవలేదు.

లుదింగ్ తిట్టలేదు. మొగుణ్ణి పాయ గట్టుకి మోయించుకొచ్చి, అతని తల ఒళ్ళో పెట్టుకుని, అన్న నీళ్ళలోంచి తల ఎత్తిన ప్రతిసారీ కనబడేలా ఎదురుగా కూర్చుంది. అంతకన్నా తిడితేనే బాగుండేది.

జ్వరంలో కూడా పోన్సో నోరు ఊరుకోలేదు. “మానో, నా పడవ చివర తియ్యి. నా బరువు తప్పినందుకు అదొక్కటే సుఖంగా నిద్రపోతోంది.”

“నోరు మూసుకుని పడుకోరా,” అన్నాడు తెబాన్. ఇంకో రాయి కోసం మళ్ళీ మునిగాడు.

మర్నాడు ఎండ ఎక్కాక మొదటి పడవ లేచింది. టౌనులో ఆసుపత్రికి పైకప్పు లేదు. డాక్టరు టార్పాలిన్ కింద నిలబడి పని చేస్తున్నాడు. కాలు చూసి, “నిన్న తెచ్చి ఉంటే” అన్నాడు. అలిసిపోయిన మనిషి, ఎవరి మనసో గాయపరచాలని అని ఉండడు. కానీ లుదింగ్ విన్నది. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

దప్దప్ దీవి వాళ్ళు ఆజ్ఞ విని ముందే పడవల్లో టౌనుకి వచ్చి ఒక బడిలో దిగారు. ఉప్పెన ఆ బడిలోకి కూడా వచ్చింది. తర్వాత ఆ ఆవరణలో వరసగా పడుకోబెట్టినవాళ్ళని నేను చూశాను. మేమూ వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు, తెలుసనేవాళ్ళని నేను నమ్మను. ఊళ్ళో కొందరు ఓదార్పుగా తెబాన్‌తో అన్నారు, “నువ్వు ముంచబట్టే మేం బతికాం మానో” అని.

“వెళ్ళి ఆ మాట పోన్సో కాలికి చెప్పండి,” అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా చుట్టూ ఉన్న దీవులన్నిటికీ మా పడవలే దిక్కు. హెలికాప్టర్లు టౌను దగ్గర దిగి అటునుంచి అటే పోయేవి. తెబానూ నేనూ నీళ్ళ డబ్బాలూ బియ్యం బస్తాలూ వేసుకుని తిరిగాం. ఒడ్డు కనబడేసరికి జనం ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి ఎదురుచూస్తుండేవాళ్ళు. వాళ్ళు మొదట అడిగేది బియ్యం అనుకుంటారు మీరు. నిప్పు అడిగేవాళ్ళు. ప్రతిదీ తడిసిపోయి, అగ్గిపెట్టె అన్నది ఎక్కడా వెలగక, పచ్చి బియ్యం నములుతున్నారు. అది చూశాక తెబాన్ మా గుహలోంచి ఎండు కొబ్బరిపీచు తెచ్చి, నిప్పంటించి, ఆరకుండా కుండలో కుక్కి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. ఒక్కో దీవిలో ఒక్కో కణిక. కాన్‌బులాద్ అనే దీవిలో ఒక లోలా, అంటే మామ్మ, ఆ నిప్పు మీద నీళ్ళు కాచి, మాకు ఇవ్వడానికి ఇంకేమీ లేక ఉత్త వేడినీళ్ళు కప్పుల్లో పోసిచ్చింది. తెబాన్ కాఫీ తాగినట్టు ఊదుకుంటూ తాగాడు. “పంచదార ఎక్కువైంది లోలా,” అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి మిగతావాళ్ళు కూడా కాసేపు మనుషుల్లా మాట్లాడారు.

సాయం చేసే సంస్థ ఒకటి ఆలస్యంగా మా దీవికి వచ్చింది. పాయలో పడవలన్నీ చక్కగా తేలుతున్నాయి. మీకు పడవల నష్టం లేదు కదా అని చెప్పి, కొత్త నీలం రంగు పడవలు మిగతా దీవులకి ఇచ్చి వెళ్ళారు. వాళ్ళకి అవసరం, కాదనను. మా ఊరి మగాళ్ళు కొందరు మాత్రం గొణిగారు, “ఆ మాత్రం దానికి ముంచకుండా గాలికి వదిలేస్తే మనకీ నీలం రంగువి వచ్చేవి కదా” అని. ఆ మాటకి తెబాన్ పగలబడి నవ్వాడు. తుఫాను తర్వాత అలా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే చెల్లెలి ఇంటి వైపు చూసి ఆగిపోయాడు.

లుదింగ్ ఆయనతో మాటలు మానేసింది. మళ్ళీ కట్టుకున్న ఇళ్ళు పక్కపక్కనే. ముందైతే ఆమె వండిన కూర గిన్నె రోజూ కంచె మీదుగా ఆయన చేతికి అందేది. ఇప్పుడు ఆయన ఎండు చేప కాల్చుకుని ఒంటరిగా తింటున్నాడు. నేను వెళ్తే, “మా చెల్లెలు ఇవాళ ఏం వండింది?” అని అడిగేవాడు. చింతపులుసు అనో, కొబ్బరిపాలతో పనసకాయ అనో చెబితే, కాసేపు ఆలోచించి, “ఉప్పెక్కువ వేసుంటుంది,” అనేవాడు. ఆ గిన్నె కంచె దాటుతుందా లేదా అన్నది తప్ప ఆయనకి లోకంలో ఇంక వేరే బెంగ లేదు. కొత్త పడవ మొదలుపెట్టమని వచ్చినవాళ్ళని కూడా తిప్పి పంపేశాడు.

పోన్సోకి టౌనులో చంకకర్రలు ఇచ్చారు. మా ఇసకలో అవి దిగబడిపోతాయి. ఇంటి గుమ్మం నుంచి ఒడ్డు దాకా నాలుగు అడుగులు వేసే దారి లేక, వలలు బాగుచేసుకునే మనిషి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఒక పొద్దున నేను వెళ్ళేసరికి తెబాన్ తన ఇంటి పక్క గుట్టలోంచి రాళ్ళు మోస్తున్నాడు. ఆయన పడవ రాళ్ళు. వాటిని పోన్సో గుమ్మం ముందు నుంచి సముద్రం దాకా ఇసకలో పాతుతున్నాడు. దారినపోయేవాళ్ళు ఆగిపోయి చూశారు. పడవ రాయిని ఇంకో పనికి వాడటం మా దీవిలో నేను చూడటం అదే మొదటిసారి.

సాయంత్రానికి దారి పూర్తయింది, గుట్ట ఖాళీ అయింది. లుదింగ్ కిటికీలోంచి అంతా చూసింది. పోన్సో కర్రలు టకటకలాడించుకుంటూ ఒడ్డు దాకా వెళ్ళి, అక్కడే కూర్చుని, “నా బరువుకి కూడా కుంగలేదు చూడండోయ్” అని అరిచాడు. అప్పుడు లుదింగ్ నన్ను పిలిచింది.

“మీ మానోకి చెప్పు. గుమ్మం దగ్గరి రాయి ఊగుతోంది. మా ఆయన పడ్డాడంటే ఈసారి ముంచేది నేను, మునిగేది మీ మానో.”

తెబాన్ అక్కడే ఉన్నాడు. విన్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి, రాయి కింద చెక్కముక్క పెట్టి, తొక్కి చూసి, మళ్ళీ తొక్కి చూశాడు. గిన్నె ఆరోజు కూడా కంచె దాటలేదు. కానీ ఆమె కిటికీ మూయలేదు.

నిన్న రేడియోలో మళ్ళీ ఒక పేరు చెప్పారు. ఇంకా చాలా దూరంలో ఉంది, ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. నేను మళ్ళీ లేపిన షెడ్డుకి వెళ్ళేసరికి తెబాన్ చెక్క అంచున మొదటి మేకు కొట్టి, సుత్తి పక్కన పెట్టి కూర్చున్నాడు.

“నీ గుట్ట ఖాళీగా ఉంది మానో,” అన్నాను. “పడమటి ఒడ్డు నుంచి కొత్త రాళ్ళు తెచ్చి పడేస్తాలే.”

“వద్దు. నా పడవ ఈసారి ముంచను.”

“మరి?”

“ఊరి పడవలు ముంచుతాం. అది మారదు. నాది తేలుతూ ఉంటుంది. తుఫాను దూరంలో ఉండగానే నువ్వు పోన్సోనీ, నడవలేనోళ్ళనీ, నా చెల్లెల్నీ ఎక్కించుకుని వెళ్ళిపో. టౌనులో ఆగకు. టౌను పక్క నదిలో పైకి, కొండ ఊళ్ళ దాకా తీసుకుపో. పడవని అక్కడ ఏ చెట్టుకి కడతావో నీ ఇష్టం.”

“గాలికి పోతే?”

“పోతుంది. ఇంకోటి చెక్కుతా.”

ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. “నేను సగం కెప్టెన్నే కదా మానో,” అన్నాను, నవ్విద్దామని.

“వెళ్ళడం నేర్చుకున్నావు కదా, ఆ సగం చాలు.” తర్వాత గొంతు తగ్గించాడు. “ఇంకో సంగతుంది. ఇప్పుడు ఇట్టా ధీమాగా చెబుతున్నా గానీ, మేకులు మన దీవికి దగ్గర పడేసరికి నాకు అమ్మే కనిపిస్తుంది. బుద్ధి మారిపోతుంది. ఎక్కడెక్కడి రాళ్ళో ఏరుకుని పడవ దగ్గరికి పరుగెత్తుకొస్తాను. అరుస్తాను, నిన్ను నానా మాటలూ అంటాను, ఏడుస్తాను కూడా. నేనేం చేసినా సరే, ఆ పడవ తాడు మాత్రం నా చేతికి ఇవ్వకు నోనోయ్.”